బాపు నడక మిషిను తెర

మా బాపుకు పక్షవాతం వచ్చి తగ్గాక చెయ్యి తొందరగానే మాట విన్నది కానీ ఎడమ కాలు మొండికేసింది. మహబూబ్‌నగర్ దవాఖానలో కసరత్తు నేర్పే డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది. పొద్దున, సాయంత్రం మెల్లగా, చదునైన జాగాలో నడవాలి, నాగా పెడితే కాలు బిగుసుకుపోతుంది అని. కల్వకుర్తిలో మా గల్లీలో చదునైన జాగా ఎక్కడుంది? ఒక పక్క మురికినీళ్ల మోరీ, ఇంకో పక్క కంకర. రోడ్డెక్కితే శ్రీశైలం బస్సులు. అందుకే మా బడిలో తోటి టీచరు బట్టలు ఆరేసుకోవడానికి వాడుతున్న పాత ట్రెడ్‌మిల్‌ను ఆటోలో వేయించుకుని తెచ్చాను. బాపు దానికి నడక మిషిను అని పేరు పెట్టాడు.

మొదట్లో రెండు చేతులా పిడి పట్టుకుని నడిచేవాడు. నెల తిరిగేసరికి పిడి వదిలేశాడు. జీవితమంతా గొర్ల వెంట నడిచిన మనిషికి ఊరికే వేలాడే చేతులతో నడవడం రాదు. మూలనున్న కట్టె తెమ్మన్నాడు. మా వాళ్లు మంద వెనక నడిచేటప్పుడు కట్టెను మెడ వెనక, భుజాల మీద అడ్డంగా పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసుకుంటారు. బాపు మిషిను మీద కూడా అట్లాగే నడిచాడు. నడుము నిటారుగా నిలిచింది, కాలు ఈడ్వడం తగ్గింది. అది చూసి మురిసిపోయి నేను వద్దనలేదు. ఆ తప్పు నాదే.

ఒక పొద్దున గల్లీలో మంద పోతున్న చప్పుడైంది. ఎవరి మందో చూద్దామని బాపు కిటికీ వైపు తిరిగాడు. మనిషితో పాటు కట్టె కూడా తిరిగింది. దాని కొస పోయి మిషిను ముందరి స్క్రీనుకు తగిలింది. అద్దం పలిగి, అంకెలు ఆరిపోయి, బెల్టు ఆగింది. బాపు పడలేదు, అదొక్కటే మేలు.

మోటారు బాగుంది, బెల్టు బాగుంది. కానీ నడిపే మీట, ఆపే మీట, అన్నీ ఆ స్క్రీనులోనే ఉన్నాయి. బాపుకు అంకెలు చదవడం రాదు. ఒక్కనాడు కూడా ఆ తెరను చూసి నడిచింది లేదు. ఎన్నడూ చూడని తెర పలిగిందని ఆయన నడక ఆగిపోవడం నాకు ఎంతకీ మింగుడు పడలేదు.

కంపెనీకి ఫోన్ చేశాను. ఎత్తినాయన ముందుగా, “సార్‌కు ఇవ్వండి మేడం, మిషన్ సంగతి కదా” అన్నాడు.

“మా ఇంట్ల సార్ నేనే. చెప్పుండ్రి.”

“ఆ మోడల్ ఆపేశాం మేడం. స్క్రీను రాదు. కొత్త మిషన్ తీసుకోండి.”

ఎలా పగిలిందని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. నవ్వాడు. ఒకసారి కాదు, ఆపుకోలేక నవ్వాడు. “కట్టె పట్టుకుని గొర్రెల వెంట తిరిగేవాళ్లకు ట్రెడ్‌మిల్ ఎందుకు మేడం?” అన్నాడు. నేను స్పీకర్‌లో పెట్టి మాట్లాడుతున్నాను. పక్కనే మంచం మీద కూర్చున్న బాపు అంతా విన్నాడు.

“గాయన చెప్పింది నిజమే బిడ్డా. మనకెందుకు గీ మిషిన్లు? నేనే పలగ్గొట్టిన,” అన్నాడు తల దించుకుని. తోడేలుకు ఎదురు పోయిన మనిషి అట్లా తల దించుకోవడం నేను చూడలేదు. ఆ క్షణాన ఫోన్‌లోని మనిషి ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

ఆపేసిన మోడల్ అట! బాపుకు డెబ్బై దాటాయి. ఆ దవాఖానలో ఒక్క డాక్టరు కూడా ఇది పాత మోడల్, సామాను దొరకదు అని చేతులెత్తేయలేదు. బతికున్న మోటారును పాతసామానోడికి ఇచ్చుకోమని చెప్పడానికి వీళ్లకు నోరెట్లా వచ్చింది?

ఇంట్లో గోడ పట్టుకుని నడిపించాను. గోడ పొడవెంత, నడక ఎంత? పదో రోజుకు ఎడమ కాలు మళ్లీ బిగుసుకుని, చెప్పు జారిపోవడం మొదలైంది. అది జారినప్పుడల్లా బాపు వంగి తీసుకునేవాడు, నాకు కనబడకుండా.

దొరికినవాళ్లనల్లా అడగగా జడ్చర్లలో మూసేసిన జిమ్ము ఒకటి ఉందని తెలిసింది. వెనక రేకుల కింద అదే మిషిను, మోటారు కాలిపోయి పడి ఉంది. స్క్రీను మాత్రం చెక్కుచెదరలేదు. లోకంలోనే లేదన్న స్క్రీను మా ఊరికి ఒక్క బస్సు ప్రయాణమంత దూరంలో దుమ్ము కొట్టుకుని ఉందన్నమాట! జిమ్ము ఆయన్ని అడిగి, నాలుగు మరలు విప్పి, తువ్వాలలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను.

ఇంటికొచ్చి పాతది ఊడదీసే ముందు వైర్లన్నీ ఫోటో తీసుకున్నాను. అయినా మొదటిసారి వెలగలేదు. కోపం కోపంగానే మళ్లీ విప్పి చూస్తే, వెడల్పాటి వైరు చివర పిన్ను ఒకటి వంగి ఉంది. కనుబొమల వెంట్రుకలు తీసుకునే చిన్న పట్టకారుతో దాన్ని సరిచేసి బిగించాను. వెలిగింది.

బాపు గడప దగ్గరే నిలబడ్డాడు. “నేనెక్క బిడ్డా. మల్ల పలుగుతది.”

“పలిగితే పలగని బాపూ. ఊడవీకుడు, బిగించుడు నాకొచ్చింది. నువ్వు ఎక్కు.”

బాపు బాగున్న కాలు ముందు పెట్టి ఎక్కాడు. రెండు చేతులా పిడి పట్టుకున్నాడు. ఎడమ కాలు ఈడ్చుకుంటూ వెనక వచ్చింది. అచ్చం మొదటి రోజు నడక. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. మళ్లీ ఆ కంపెనీకి ఫోన్ చేసి, నవ్విన మనిషినే పిలిపించుకుని అడిగాను, స్క్రీను నేనే తెచ్చుకున్న సరే, మా బాపువి నడక లేకుండ ఇరవై రెండు రోజులు పోయినయి, అవెవరిస్తరు అని.