అత్త వేసిన ఒకటి

ఇరవై ముఖాల ప్లాస్టిక్ పాచిక ఎంత బరువుంటుంది? మహా అయితే చింతగింజంత. ఆ చింతగింజను నేను ముప్పై ఏళ్లుగా మోస్తున్నాను. నడుం వంగిపోయింది. వెన్నుపూస అరిగిందని డాక్టరంటాడు, ఆయనకేం తెలుసు! ఇంట్లో చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. కాస్త దగ్గరికి రండి.

తమిళనాట సూలూరులో మా మిద్దె మీద, కింద మరమగ్గాలు లోకం బద్దలయ్యేలా మోగుతుండగా, ఆదివారం మధ్యాహ్నాలు ఒక ఆట ఆడేవాళ్లం. తలా ఒక వీరుడి వేషం. ఒకడు కథ చెప్పాలి. అందులో రాక్షసులందరూ వాడే. వీరుడు ఏం చేయబోతాడో నోటితో చెబుతాడు, అది కుదిరిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. కథ చెప్పేవాణ్ణి నేను. రూల్‌బుక్కు ఇంగ్లీషులో ఉంది మరి, మిగతా ముగ్గురివీ తమిళ చదువులు. మా మిద్దె మీద మహాపండితుణ్ణి నేనే.

ఆ ముగ్గురిలో ఇద్దరు మా చిన్నాన్న కొడుకులు. మూడో మనిషి మా నాన్న చెల్లెలు, మా అత్త. పెళ్లైన ఏడాదికే మామ పోతే పుట్టింటికి తిరిగొచ్చింది. ఎవరింట శుభకార్యమైనా వంటింటి తలుపు వెనకే నిలబడేది. మా ఆటలో మాత్రం ఆమె రంగనాయకి, గుర్రపు దళానికి నాయకురాలు. అందరికంటే ముందు ఆమె గుర్రమే నడిచేది. మురుకుల డబ్బా పట్టుకుని ఆమె మెట్లెక్కుతుంటే నాకు గిట్టల చప్పుడు వినిపించేది. ఒట్టు.

మొదట్లో అత్త దాయకట్టలతోనే ఆడేవాళ్లం. ముఖాల మీద చుక్కలున్న పొడుగాటి ఇత్తడి కడ్డీలు రెండు. వాటి న్యాయం వేరు. రెండూ కూడబలుక్కుని పడతాయి కనుక మధ్యరకం అంకెలే మాటిమాటికీ వస్తాయి, మన బతుకుల్లాగే. ఒకటి పడిందా, అది దాయం. కాయ లోపలికి అడుగుపెట్టే భాగ్యం, పైగా ఇంకో పందెం. తర్వాత బెంగళూరు నుంచి ఒక స్నేహితుడు ఇరవై ముఖాలది తెచ్చాడు. దానికి పెద్దా చిన్నా లేదు, ఏ అంకె మీదా ప్రేమ లేదు. అందులో ఒకటి అన్నిటికంటే హీనం. ఇది అత్తకు చెప్పాను. కానీ చిన్నప్పటి నుంచి దాయం కోసం ఎదురుచూసిన చేతికి ఎవరు చెబుతారు?

నా బాధ వేరే ఉంది. కాలేజీ పాఠాలు మాని వారమంతా నేను తయారుచేసిన రాక్షసుణ్ణి, ఏడు తాటిచెట్ల ఎత్తువాణ్ణి, పెరియకుళం మామిడితోపంత నోరున్నవాణ్ణి, ఆమె కత్తి దూయకుండానే పొల్లాచ్చి సంతలో టెంకాయలు బేరమాడినట్టు మాట్లాడి ఇంటికి పంపేసేది. తమ్ముళ్లు పడీపడీ నవ్వేవాళ్లు. కథ నాది, నవ్వులు ఆమెకు. అసూయా? అప్పుడు దానికి ఆట గౌరవం అని పేరు పెట్టుకున్నాను.

ఆ ఆదివారం రాక్షసుడికి పుట్టు చెవుడని ప్రకటించాను. బేరం కుదరదు కదా! అత్త కత్తి దూసింది. పాచిక వేసింది. ఒకటి.

"దాయం!" అని అరిచి చప్పట్లు కొట్టింది. తమ్ముళ్లూ కొట్టారు. నాకు ఒళ్లు మండింది. పుస్తకం తెరిచి ఒక పేజీ మీద వేలు పెట్టాను.

"అత్తా, దీంట్లో ఒకటి పడితే సావే. రంగనాయకి సచ్చిపోయె."

"ఏమిరా కన్నూ, నిజంగానా? బుక్కులో అట్లే రాసిండాదా?"

"అట్లే ఉండాది అత్తా."

"ఇంగొక్క తడవ వేసేకి లేదా?"

"రూల్సంటే రూల్సే."

"సరి విడు. రాసినంక ఏం చేసేది? మీరు ఆడండి, నేను కాఫీ పెడతా."

పుస్తకంలో అలా లేదు. నా వేలి కింద ఉన్నది, గాడిద మీద ఎంత బరువు వేయొచ్చో చెప్పే పట్టిక.

కాఫీ తమ్ముడి చేత పంపింది. తర్వాతి వారం పిలిస్తే, "సచ్చినోళ్లు వస్తే బాగుంటుందా?" అని నవ్వింది. మళ్లీ మిద్దె ఎక్కలేదు. చచ్చిన వీరురాలిని బతికించడం కథ చెప్పేవాడికి ఎంత పని? కానీ బతికించాలంటే అబద్ధం ఒప్పుకోవాలి. మొదటి వారం పౌరుషం అడ్డొచ్చింది. ఆ తర్వాత సిగ్గు. ఆ తర్వాత, ఏమీ అడ్డు లేకపోయినా చెప్పకపోవడమే అలవాటైంది.

ఆటే కదా అంటారా? నేనూ అలాగే అనుకున్నాను, చాలా ఏళ్లు. మామ పోయినప్పుడు ఊరంతా ఆమెకు చెప్పిన మాట ఒకటే: అట్లే రాసుంది. నేనూ అదే చెప్పాను, వేలు పెట్టి మరీ చూపించి. ఊరివాళ్లు నమ్మి చెప్పారు. నేను?

అత్త ఇప్పటికీ సూలూరులోనే ఉంది. చూడటానికి వెళ్లిన ప్రతిసారీ మాట నోటిదాకా వస్తుంది. చెబితే "పోనీలేరా" అనేస్తుంది. అంత చౌకగా బయటపడటం ఇంకో మోసం అవుతుందని నాకు నేను చెప్పుకుంటాను. అది కూడా ఒక సాకేనేమో. మీకైతే చెప్పేశాను.

ఒకటి పడితే ఏమవుతుందో చెప్పే అసలు పేజీ ఇప్పుడు నాకు కంఠతా వచ్చు. అందులో ఉన్నది ఇంతే: ఒకటి పడితే ఆ దెబ్బ తగలదు. వంతు తిరిగొచ్చాక మళ్లీ వేయొచ్చు.