ముందు కింది రైతుకి చెప్పాలి

మా మేడమ్ పోయారు. మంగళవారం పొద్దున నేను ఆఫీసుకు వెళ్ళే బస్సులో ఉండగా వాళ్ళాయన ఫోన్ చేసి, "నిద్రలోనే వెళ్ళిపోయిందమ్మా. మీ ఆఫీసులో నువ్వే చెప్పాలి" అన్నారు. జర్మనీలో, మా ఆకెన్ ఊరి బస్సుల్లో కాస్త గట్టిగా మాట్లాడితేనే పక్కవాళ్ళు ఉరిమి చూస్తారు. చూసుకోనీ అనుకుని భోరున ఏడ్చేశాను.

ఆవిడ మీకు తెలిసుండరు. మా దగ్గర పొలాల మధ్య నుంచి పారే ఓ చిన్న ఏరు కాస్త దూరం పోయి నెదర్లాండ్స్‌లోకి దాటుతుంది. మా వైపు మురుగు కాలువలన్నీ అందులోనే కలుస్తాయి. ఎరువుల ఉప్పూ వాటితోనే పోతుంది. సరిహద్దు అవతల రైతులు ఆ నీళ్ళే తోడి పంటకు పెట్టుకుంటారు. ఉప్పు ఎంతుందో కొలవడం, ఎక్కువైతే మా కాలువల షట్టర్లు దించి అవతలి వాళ్ళకు కబురు చెప్పడం మా ఆఫీసు పని. దానికి పెద్ద మా మేడమ్. మాస్టర్స్ చదువుతూ ఆవిడ దగ్గర పార్ట్‌టైమ్‌కి చేరిన దాన్ని, అక్కడే ఉండిపోయాను.

మేడమ్‌ది కృష్ణా డెల్టా చివర, సముద్రం దగ్గరి ఊరు. "మేం శివారు రైతుల పిల్లలమే. పైవాళ్ళు వాడుకుని వదిలిన నీళ్ళే మాకు దిక్కు. ఉప్పగా ఉన్నాయని నారు మాడిపోయాకే తెలిసేది" అనేవారు. నాది కరీంనగర్ వైపు. "మీకేం తెలుసే మా బాధలు" అని ఆవిడ ఆటపట్టిస్తే, "మాకు అసలు నీళ్ళే లేకుండె మేడమ్, ఉప్పగున్నయా సప్పగున్నయా అని సూసుకునుడు ఎక్కడిది!" అనేదాన్ని. పొట్ట పట్టుకుని నవ్వేవారు.

ఆవిడ పద్ధతులు ఆవిడవి. వంతెన మీద నిలబడి బకెట్ వదలడం ఆవిడకు గిట్టదు. బూట్లేసుకుని ఏట్లోకి దిగాల్సిందే. ప్రతి నమూనా రెండు సీసాలు. ఒకటి మన ల్యాబ్‌కి, ఒకటి అవతలి ల్యాబ్‌కి. వాళ్ళూ అలాగే మనకొకటి ఇవ్వాలి. "మన పేపరు మనమే దిద్దుకుంటే నూటికి నూరే వస్తాయే" అనేవారు. రైతులకు ఫోన్ చేసేటప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడేవారు. ఎందుకని అడిగితే, "వాళ్ళ పంట సంగతి కదా" అన్నారు.

ఇక నా నిర్వాకం చెప్పాలి. చల్లని నీళ్ళలో మా మీటరు ఉప్పును తక్కువగా చూపిస్తుంది. అందుకని ఆ అంకెను ఇరవై ఐదు డిగ్రీల లెక్కకు మార్చుకోవాలి. మీటరులో దానికో సెట్టింగ్ ఉంటుంది. కొన్నేళ్ళ కిందట ఓ మార్చి ఉదయం, చేతులు కొంకర్లు పోతున్నాయి, వీసా పొడిగింపు అపాయింట్‌మెంట్‌కి టైమైపోతోంది. ఆ సెట్టింగ్ ఆఫ్‌లో ఉందని చూసుకోలేదు. "నీళ్ళు బాగున్నాయి, తోడుకోండి" అని అవతలి రైతుకు కబురు పెట్టేసి పరిగెత్తాను. వారం తిరక్కముందే ఆయన గాజు షెడ్లలో టమాటా నారు అంచులు మాడిపోయాయి. అవతలి ల్యాబ్‌కి వెళ్ళిన సీసా నా అంకె తప్పని తేల్చింది.

ఉద్యోగం పోతే వీసా పోతుంది. భయంతో, "మేడమ్, నడుమ వాళ్ళ కాలువ గూడ కలుస్తది గద. ఉప్పు ఆడికెంచే వచ్చిందని రాద్దామా?" అన్నాను. ఆ మాట తలచుకుంటే నాకిప్పటికీ సిగ్గే.

ఆవిడ తిట్టలేదు. "బూట్లేసుకో, పోదాం" అన్నారు. ఆ షెడ్లో నా చేతే చెప్పించారు. ఆయనకూ వచ్చిన జర్మన్‌లోనే తడబడుతూ, "తప్పు నాది" అన్నాను. ఆ రైతు ముఖం కందగడ్డలా అయింది. "ఇక మీ మాట నేనెలా నమ్మాలి?" అని అరిచాడు. మేడమ్ నెమ్మదిగా, "ఇప్పుడే నమ్మమని అడగను. కొన్నేళ్ళు చూడండి" అన్నారు. ఆ తర్వాత కోటు విప్పి పక్కన పడేశారు. సాయంత్రం దాకా మేమిద్దరం వాననీళ్ళతో ఆయన నారు ట్రేలు కడిగాం. బతికింది సగమే.

తిరిగొస్తుంటే కార్లో ఒకే మాటన్నారు: "ముందు కింది రైతుకి చెప్పాలే. మన భయాలు తర్వాత." రిపోర్టులో నా పేరు పక్కన తన పేరూ రాసుకున్నారు. "నీ అంకెను సరిచూడకుండా ఒప్పుకుంది నేనే కదా" అన్నారు. నా ఉద్యోగం అలా నిలబడింది. ఆవిడకు థాంక్స్ కూడా సరిగ్గా చెప్పుకోలేదు నేను.

మొన్న మంగళవారం ఏడుపు ముఖంతోనే ఆఫీసుకెళ్ళి, ముందుగా ఆ రైతుకే ఫోన్ చేశాను. నేను నోరు తెరిచేలోపే "ఒక్క నిమిషం" అన్నాడు. పరిగెత్తుతున్న చప్పుడు, ఆ వెంటే పంపు మోత ఆగిపోయింది. రొప్పుతూ వచ్చి, "ఆపేశాను. ఇప్పుడు చెప్పు, ఉప్పు ఎంతుంది?" అన్నాడు.

"ఉప్పేం లేదు, నీళ్ళు బాగున్నాయి" అని, అసలు సంగతి చెప్పాను. "నా నారు ట్రేలు కడిగిన మనిషమ్మా ఆవిడ" అన్నాడు. పంపు వేసుకోవచ్చని రెండుసార్లు చెప్పాను.

సాయంత్రం నమూనా కోసం నేను ఏటికి వెళ్ళేసరికి కూడా అవతలి ఒడ్డున పంపు మోత లేదు. శుభ్రమైన మంచినీళ్ళు ఆయన షెడ్ల పక్క నుంచే ఊరికే పారిపోతున్నాయి.