ఫోను వెనక 638

మా ఇంట్లో నంబరు లేనివి మూడే: అమ్మ, నేను, తమ్ముడు. ఆ మాట అమ్మే అనేది, అదీ బాపు వినేలా.

"బకీట్లకేసిండు, గొడుగుకేసిండు, పీటకేసిండు. మనుషులకు మాత్రం ఎయ్యలే. రేపు మేం తప్పిపోతె ఎట్ల దొర్కుతమో ఏమో."

బాపు నవ్వేవాడు కాదు. ఆ మాటలో నిజమెంత ఉందా అని ఆలోచించేవాడు.

బాపు కంచన్‌బాగ్‌లో ఒక లోహాల ఫ్యాక్టరీలో మార్కర్‌గా పనిచేసేవాడు. అక్కడ కొలిమిలోంచి ఒక విడతలో దిగిన లోహానికంతటికీ ఒకే నంబరు ఉంటుంది. దాంతో తయారైన ప్రతి కడ్డీ మీదా ఆ నంబరు పడాలి. అంకెలు కత్తిరించిన ఇత్తడి రేకును కడ్డీ మీద పెట్టి, బ్రష్‌తో తెల్లరంగు అద్దుతారు. బాపు ముప్పై ఏళ్ళు చేసింది ఆ పనే. నంబరు చెరిగిపోయిన కడ్డీ ఎంత మేలైనదైనా తుక్కులోకి పోతుందట. అది ఏ విడతలో పుట్టిందో చెప్పేవాళ్ళుండరు కాబట్టి. పక్కిళ్ళల్లో పిల్లలకు అన్నం తినేటప్పుడు రాజుల కథలు చెప్పేవాళ్ళు. మాకు తుక్కులోకి పోయిన కడ్డీల కథలు చెప్పేవాడు బాపు. కొన్ని కడ్డీల మీద నాకు నిజంగానే జాలి కలిగేది.

ఫ్యాక్టరీలో బాపు టోకెన్ నంబరు 638. ఇంట్లో వస్తువులన్నిటికీ అదే. మాకు మొదటిసారి గ్యాస్ వచ్చినప్పుడు సిలిండర్‌కు కూడా వేశాడు. అయిపోయాక అది పోయి ఇంకోటి వస్తుందని తెలియక కాదు, తెలిసే వేశాడు. అది వెళ్ళిపోయాక, కిషన్‌బాగ్‌లోనో ఎక్కడో ఎవరో మా నంబరు మీద వండుకు తింటున్నారని అమ్మ చాలాకాలం అనుకుంది. నా టిఫిన్ డబ్బా మూత మీద కూడా 638 ఉండేది. బడిలో నన్ను ఆరు ముప్పై ఎనిమిది అని పిలిచేవాళ్ళు. హాజరు పట్టీలో నాది పద్నాలుగో నంబరని ఎంత చెప్పినా ఎవరూ వినలేదు.

నేను ఐదో తరగతిలో ఉండగా ఇంట్లో ఒక పొడుగు బల్ల ఉండేది. దాని మీద కూర్చునే దగ్గర నాకూ తమ్ముడికీ రోజూ లొల్లి. బాపు దాన్ని రెండు ముక్కలు చేసి చెరొక చిన్న బల్ల చేస్తానన్నాడు. రంపం పట్టుకొచ్చాడు గానీ కోయలేదు. ముందు ఇత్తడి రేకు తీసి, బల్ల ఒక కొసన 638/1 అని, ఇంకో కొసన 638/2 అని వేసి, రంగు ఆరేదాకా కూర్చున్నాడు. మేమూ కూర్చున్నాం.

"కోసినంక రాయొచ్చు గదా బాపూ?" అన్నాను.

"కోసినంక రాస్తె ఏది ఏడికెల్లి వచ్చిందో ఎవడు చెప్తడు? ముక్క చేసే ముందే అసలు నంబర్ ఎయ్యాలె, పక్కకు గీత గీసి ముక్క నంబర్ ఎయ్యాలె. పాత గుర్తు తీసే ముందు గూడ గంతే. కొత్త తాన రాసినంకనే పాతది తియ్యాలె. నడుమ ఒక్క నిమిషం గూడ గుర్తు లేకుంట ఉండొద్దు."

బల్లను కోశాక 638/1 నాకు వచ్చింది. డిగ్రీ అయ్యేదాకా దాని మీదే కూర్చుని చదివాను. ఈ వివరం ఇక్కడ అనవసరం అనిపించవచ్చు. నాకు కూడా చాలా ఏళ్ళు అలాగే అనిపించింది.

డిగ్రీ తర్వాత బషీర్‌బాగ్‌లో ఒక ట్రావెల్ ఆఫీసులో టికెట్లు రాసే ఉద్యోగం దొరికింది. అందరి చేతుల్లోకీ అప్పుడప్పుడే సెల్‌ఫోన్లు వస్తున్నాయి. నేనొక పాత ఫోను కొనుక్కున్నాను. నల్లది, ఇటుక ముక్కంత బరువు. ఇంటికి తెచ్చి టీవీ మీద పెట్టి స్నానానికి పోయి వచ్చేసరికి దాని వీపు మీద తెల్లగా 638 ఉంది. ఇంకా ఆరలేదు.

"ముట్టకు, అంటుకుంటది," అన్నాడు బాపు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇరవై రెండేళ్ళ మనిషిని, సొంతంగా కొనుక్కున్న మొదటి వస్తువు, ఒక్క మాట అడగొచ్చు కదా. కానీ అరవలేదు. బాపు తల ఒక పక్కకు వంచి అంకెలు సమంగా పడ్డాయో లేదో చూసుకుంటున్నాడు. అలా చూసుకునేటప్పుడు ఆయన ముఖం చూస్తే అరవడానికి నోరు రాదు.

ఆఫీసులో నా పక్క సీటావిడది కాకినాడ. ఫోను బల్ల మీద బోర్లా పెట్టి ఉండగా చూసింది.

"ఏవండీ, ఇదేంటండీ, ఖైదీ నంబరా?"

నవ్వాను. కొరియర్ తెచ్చినతను కూడా చూసి నవ్వాడు. వారం రోజులు ఫోను వచ్చినప్పుడల్లా వీపును అరచేత్తో మూసి మాట్లాడాను. మెడ నొప్పి పెట్టింది. టిఫిన్ డబ్బా రోజులు మళ్ళీ వచ్చాయని అర్థమైంది. ఎలాగైనా నంబరు తీయించాలి, ఆ సంగతి బాపుకు తెలియకూడదు. అడిగితే ఫోను బస్సులో రాసుకుని రంగు పోయిందని చెప్పాలని ఒక అబద్ధం కూడా సిద్ధం చేసుకున్నాను. నేను ఆయన నంబరుకు సిగ్గుపడుతున్నానని తెలిస్తే ఆయనేమీ అనడు. అందుకే నాకు భయం.

చాంద్రాయణగుట్ట చౌరస్తాలో జిరాక్స్ షాపు పక్కన ఒక భాయ్ ఫోన్లు బాగుచేసేవాడు. ఆ మోడల్ వెనక మూత కొత్తది దొరకదనీ, కావాలంటే పాతదానికే రంగు వేస్తాననీ అన్నాడు. ఫోను తిప్పి 638 చూశాక మాత్రం కంటికి పెట్టుకున్న భూతద్దం తీసేశాడు.

"యే కైకు నికాల్‌నా?"

ఎందుకు తీయాలంటే ఏం చెప్పను? బాగాలేదు అన్నాను.

"దేఖో అమ్మా, రంగు ఎయ్యమంటె ఏస్త, మూత మార్చమంటె మారుస్త. నంబర్ తియ్యమని వచ్చేటోడు ఎవడు? చోరీ చేసినోడు. మొన్ననే మా బామ్మర్ది గిట్లనే ఒక ఫోన్ గుర్తు గీకి ఇచ్చిండు. రెండ్రోజులు ఠాణాల కూసోబెట్టిండ్రు. కిస్కా నంబర్ హై యే?"

"మా బాపుది."

"అయితె బాపును తీస్కరా," అని ఫోనును డ్రాయరులో పెట్టి తాళం వేశాడు.

నేను కోపంగా మాట్లాడాను, మర్యాదగా మాట్లాడాను, ఆఫీసు గుర్తింపు కార్డు చూపించాను. ఫొటోలో ఉన్నది నేనేనని ఒప్పుకున్నాడు గానీ ఫోను ఇవ్వలేదు. నా ఫోను నేను దొంగతనం చేయలేదని చెప్పడానికి సాక్ష్యంగా, ఎవరికి తెలియకూడదనుకున్నానో ఆయన్నే పిలుచుకు రావాల్సి వచ్చింది.

బాపు మొదటి షిఫ్టు నుంచి వచ్చి చాయ్ తాగుతున్నాడు. ఫోను రిపేరుకిచ్చాననీ, షాపాయన పెద్దవాళ్ళను రమ్మన్నాడనీ చెప్పాను. చెప్పులు వేసుకుని నడిచాడు. షాపతను అసలు సంగతి బాపుకు చెప్పకుండా ఏదైనా అడ్డు రావాలని దారంతా కోరుకున్నాను. ఏమీ జరగలేదు.

"చాచా, మీ బిడ్డ గీ నంబర్ తీసెయ్యమంటున్నది. నీ నంబరేనా?"

షాపతను డ్రాయరులోంచి తీసిన ఫోనును బాపు చేతిలోకి తీసుకున్నాడు. అంకెల మీద బొటనవేలు ఒకసారి పెట్టాడు. నా వైపు చూడలేదు. నేను రోడ్డు మీద వెళ్ళే బస్సుల వెనక అక్షరాలు చదువుతున్నాను.

"దేంతోని తీస్తవు?" అని అడిగాడు షాపతన్ని.

"థిన్నర్."

"థిన్నర్ పెడితె ప్లాస్టిక్ కరుగుతది." బాపు గొంతులో మొదటిసారి బాధ వినిపించింది. "ప్రైమర్ ఏస్తవా?"

"ఫోన్‌కు ప్రైమర్ ఎవరేస్తరు చాచా?"

బాపు ఫోను చొక్కా జేబులో వేసుకుని బయటికి నడిచాడు. దారిలో హార్డ్‌వేర్ షాపు దగ్గర ఆగి సన్నరకం గరుకు కాగితం, ప్రైమర్, చిన్న డబ్బా నల్లరంగు కొన్నాడు. ఇంటి దగ్గరికి వచ్చాక ఒకే మాట అడిగాడు.

"ఆఫీస్‌ల నవ్విండ్రా?"

"ఆ."

"మొదలే చెప్పొద్దా బిడ్డా," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం వరండాలో కూర్చుని ఫోను వెనక మూత ఊడదీశాడు. గుడ్డను కిరోసిన్‌లో ముంచి నంబరు మీద అద్దుతూ కూర్చోవడం చూశాను. అంతకుముందు మూతను తిరగేసి సన్న బ్రష్‌తో ఏదో చేశాడు. దుమ్ము తీస్తున్నాడనుకున్నాను. నాకు చూడబుద్ధి కాలేదు, లోపలికి పోయాను. తను వేసిన నంబరును తనే చెరిపేస్తున్న మనిషిని ఎదురుగా కూర్చుని ఎవరు చూస్తారు?

మూత రెండు రోజులు బట్టలారేసే తీగకు వేలాడింది. ఒకసారి ప్రైమర్, రెండుసార్లు నలుపు. ఆ రెండు రోజులూ బ్యాటరీ ఊడిపోకుండా రబ్బరు బ్యాండు వేసుకుని ఫోనును ఆఫీసుకు తీసుకెళ్ళాను. పక్క సీటావిడ ఈసారి ఏమీ అనలేదు, జాలిపడి ఉంటుంది. మూడోరోజు బాపే మూత బిగించి చేతికిచ్చాడు. ఎక్కడా గీత లేదు, మరక లేదు. అంత నున్నగా కంపెనీ కూడా వేసి ఉండదు. సంతోషంగా ఉంటుందనుకున్నాను. ఉండలేదు. ఫోను ఎప్పుడు చేతిలోకి తీసుకున్నా ముందు వీపు చూసేదాన్ని.

వారం తిరక్కుండా ఆ ఫోనును బస్సులో పోగొట్టుకున్నాను. టికెట్ కోసం బ్యాగు తెరిచినప్పుడు సీటులో పడిపోయినట్టుంది. దాని మీద పడ్డ శ్రమంతా గుర్తొచ్చి ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి డిపోకు పోయాను. దొరికిన వస్తువుల గదిలో క్లర్కు ఒకాయన, బల్ల మీద గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒకే కాలి చెప్పు, ఒక నల్ల ఫోను. నాది అని వేలు పెట్టి చూపించాను.

"పొద్దట్నుంచి నువ్వు మూడోదానివి. అందరిదీ నల్ల ఫోనే. గుర్తు చెప్పు."

ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది, మోగించి చూపించడానికి లేదు. ఆయన దగ్గరున్న ఛార్జరు పిన్ను దానికి పట్టలేదు.

"గుర్తేం లేదు," అన్నాను. అది నిజం. ఉన్న గుర్తును నేనే తీయించాను.

"గుర్తు లేకుంటె నేనెట్ల ఇయ్యాలమ్మా? మిగిలిన ఇద్దరూ గదే చెప్పిండ్రు." మూత ఊడదీసి, దాని లోపలి వైపు నాకు కనబడకుండా పట్టుకున్నాడు. "లోపట ఒకటి రాసుంది. నీదైతె నీకు ఎర్కనే ఉండాలె."

నాకు ఎర్క లేదు. కానీ మా ఇంట్లో ఒక వస్తువు మీద రాసి ఉండగలిగింది ఒకటే.

"ఆరు ముప్పై ఎనిమిది."

ఆయన మూత వంక చూశాడు. నా వంక చూశాడు.

"ఇంకా ఉంది."

ఇంకా ఏముంటుంది? ముప్పై ఏళ్ళుగా బాపు నంబరు అంతే. అప్పుడు వరండాలో తిరగేసిన మూత, సన్న బ్రష్ గుర్తొచ్చాయి. పాత గుర్తు తీసే ముందు కొత్త తాన రాయాలె. ఆ తర్వాత బల్ల గుర్తొచ్చింది, రంపం పక్కన పెట్టి రంగు ఆరేదాకా కూర్చున్న బాపు గుర్తొచ్చాడు. ఆయన ఫోనుకు నంబరు వేయలేదు. ఆ నంబరు వద్దనుకున్న నాకే వేశాడు. నేను ఏ విడతలో పుట్టానో తెలియక ఎవరైనా తుక్కులో పడేస్తారేమోనని వేశాడు. నాకు ఏడుపొచ్చింది. ఫోను కోసం ఏడుస్తున్నాననుకున్నాడేమో, క్లర్కు కుర్చీ చూపించాడు.

"గీత. గీత పక్కన ఒకటి," అన్నాను.

మూత తిప్పి చూపించాడు. గోటి కంటే చిన్న అంకెలు, తెల్లగా, సమంగా: 638/1.

"ఏం నంబరమ్మా గిది?"

"నాది," అన్నాను.

రిజిస్టరులో గుర్తులు రాసే చోట 638/1 అని ఎక్కించుకుని, పక్కన సంతకం పెట్టించుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి బాపు అన్నం తింటున్నాడు.

"దొరికిందా?"

"దొరికింది."

"గుర్తు అడిగిండ్రా?"

"అడిగిండ్రు."

"చెప్పినవా?"

"చెప్పిన."

బాపు తల ఊపాడు. నేను పక్కన కూర్చుని, ఫోను బోర్లా తిప్పి ఆయన ముందు పెట్టాను.

"పైన గూడ ఎయ్యి బాపూ. పెద్దగ ఎయ్యి."

ఫోను వంక కాసేపు చూశాడు. తన పనిలో ఎక్కడైనా లోపముందేమో వెతికాడు. కనిపించలేదు.

"అక్కర లేదు బిడ్డా. ఒక్క తాన ఉంటె సాలు," అని, అమ్మను పచ్చిపులుసు పోయమన్నాడు.