ద్వారబంధానికి ముఖం పౌడరు

చేరిన మొదటి ఉద్యోగంలోనే ఒక ఫ్యాక్టరీని బ్యూటీపార్లర్ చేసిన ఘనత నాది. ఎలా చేశానో వింటే, నాకు పట్టా ఇచ్చిన కాలేజీ మీద మీకు జాలి కలుగుతుంది.

హనుమాన్ జంక్షన్ దగ్గర మా ఫ్యాక్టరీలో చెక్కపొట్టు, ప్లాస్టిక్ కలిపి కరిగించి, జంతికలు వత్తినట్టు మెషీన్‌తో ద్వారబంధాలు వత్తేవాళ్లం. ఆ ముద్దలో టాల్క్ అనే మెత్తని రాతిపొడి కొంచెం కలిపితే సాఫీగా జారి అంచులు నున్నగా వస్తాయి. కలపకపోతే ఎలుకలు కొరికినట్టు వస్తాయి. నేనక్కడ కొత్త ఇంజినీరుని. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

మర్నాడు ఒక పాస్టరుగారు నమూనా చూడటానికి వస్తారనగా టాల్క్ నిండుకుంది. నచ్చితే ఆయన కట్టిస్తున్న చర్చి గుమ్మాలన్నీ మావే. టాల్క్ తెప్పించడం మరిచిపోయిన మహానుభావుడెవరో మీరు ఊహించగలరు. మా ఓనరు రంగారావుగారు కోప్పడలేదు.

"అంచులు చెడితే ఆర్డరూ పోద్ది, నువ్వూ పోతావు. ఇద్దరికీ ఒకటే ఆటో చెబుతా" అన్నారు.

అప్పుడు నా చదువు నిద్రలేచింది. ముఖానికి రాసుకునే పౌడరూ టాల్కే కదా! వెంటనే విజయవాడ బస్సెక్కి, గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ షాపుకు వెళ్లి పౌడరు పెట్టెల లెక్కన అడిగాను.

"డాన్స్ ప్రోగ్రామాండీ? కూచిపూడి వాళ్లా?" అన్నాడు షాపాయన.

"అలాంటిదేనండీ."

"ఎంతమందికండీ?"

"ఒక్కరికే. కాస్త పొడవు మనిషి."

షాపాయన పెట్టెలు కొంచెం దూరం నుంచే అందించాడు.

మర్నాడు పొద్దున్నే ద్వారబంధం మెషీన్‌లోంచి అద్దంలా జారి వచ్చింది. నా లెక్కకు అందనిది ఒక్కటే, పౌడరులోని సెంటు. వేడి తగలగానే షెడ్డంతా పెళ్లికూతురి గదిలా గుప్పుమంది.

రంగారావుగారు లోపలికొచ్చి ఆగిపోయారు. "ఏంటయ్యా, ఇవాళ తయారై వచ్చావు?"

"తయారైంది నేను కాదండీ, ద్వారబంధం."

నేను వివరం చెప్పడం, ఆయన కళ్లు ఆటో కోసం వెతకడం, పాస్టరుగారి కారు వచ్చి ఆగడం ఒకేసారి జరిగాయి. పాస్టరుగారు అంచు వెంట వేలు పోనిచ్చి తృప్తిగా తలూపారు. తర్వాత వంగి వాసన చూశారు. మళ్లీ చూశారు.

"ముఖం పౌడరండీ" అన్నాను, ఇక దాచేదేముందని.

ఆయన జేబురుమాలుతో ముక్కు తుడుచుకున్నారు. "పర్లేదండీ. ఆదివారం ప్రార్థనకొచ్చే మా సంఘమంతా ఇదే వాసన. గుమ్మాలకు మాత్రం వేరే ఎందుకు?"

ఆర్డరు దక్కింది, ఉద్యోగమూ నిలిచింది. బిగబట్టిన ఊపిరి వదిలి మళ్లీ పీల్చుకున్నాను. మల్లెపూల వాసన.

ఆ రోజే మెషీన్ మీద చెయ్యి వేసి, ముఖం పౌడరు ఇకపై ముఖానికేనని ప్రమాణం చేశాను. మెషీన్ ఇంకా వేడిగానే ఉంది కనుక ప్రమాణం క్లుప్తంగా ముగిసింది. ఈనాటికీ మాట తప్పలేదు. ఎందుకైనా మంచిదని, ముఖానికి కూడా మానేశాను.