దొంగ పెరుగు

ఆదివారం చర్చిలో ప్రభు బల్ల దగ్గర మా ఆయన ఎలియాస్ రొట్టె వద్దన్నారు. సంఘమంతా చూసింది. ఏ పాపం చేశారోనని వెనక వరసలో గుసగుసలు. నాకు తల కొట్టేసినట్టయింది.

చేసిన పాపమల్లా నవల రాయడం. ఆయన ఆక్లాండ్‌లో ఓ వృద్ధాశ్రమంలో కేర్‌గివర్. అక్కడి ముసలాళ్లు చదివి వదిలేసిన పాత సైన్స్ ఫిక్షన్ పుస్తకాలన్నీ మౌంట్ రాస్కిల్‌లోని మా ఇంటికి మోసుకొచ్చి, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివేవారు. 2003లో తనూ తెలుగులో ఒకటి మొదలుపెట్టారు. కూలిపోతున్న నక్షత్ర సామ్రాజ్యం, దాన్నుంచి పారిపోయే మాట్లాడే ఓడ, దానికో ముసలి కెప్టెనమ్మ. డ్యూటీ లేని రోజంతా అదే లోకం. ఆఖరి అధ్యాయం ఒక్కటే మిగిలింది.

ఆ ఆదివారానికి ముందురోజు తెలుగువాళ్ల కూటమిలో కొంత చదివి వినిపించారు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసే విఠల్ గారికి ఇలాంటి పుస్తకాలంటే పిచ్చి. సంబరపడిపోయారు.

"భలేవారండీ! ఆ సామ్రాజ్యం పాత క్లాసిక్‌లోదే కదా? మాట్లాడే ఓడ కూడానూ! ఆ తర్వాత రాసినోళ్లంతా ఆ సామ్రాజ్యాన్నే కూల్చారండీ!"

మెచ్చుకుని అన్న మాటే అది. ఈయనకు మాత్రం నలుగురిలో పట్టుబడినట్టయింది.

చర్చి నుంచి ఇంటికొచ్చాక చెప్పారు. "దొంగిలకూడదన్న ఎనిమిదో ఆజ్ఞ మీరాను, మేరీ. దొంగ చేత్తో రొట్టె ఎలా తీసుకోను? ఆ కాగితాలు రీసైక్లింగ్ బిన్‌లో పడేస్తా."

"పడేద్దురుగానీ, ముందు అన్నం తినండి" అన్నాను. ఒళ్లు మండిపోతోంది. చారన్నం అయ్యాక పెరుగు కోసం చెయ్యి చాపారు. గిన్నె వెనక్కి లాగేశాను.

"మీకు పెట్టను. ఇది దొంగ పెరుగు."

"అదేంటే?"

"మనం వచ్చిన కొత్తలో శాండ్రింగ్‌హామ్‌లో ఉండే అనంతలక్ష్మి గారింట్లో తోడు తెచ్చాను. ఆవిడకెవరిచ్చారో! మరి పాలు కాచిందెవరు? ఈ చలిలో దుప్పటి చుట్టి, వేడినీళ్ల ట్యాంకుండే హాట్ వాటర్ కప్‌బోర్డులో దాచిందెవరు?"

"నువ్వే."

"అయితే ఇదెవరి పెరుగు?"

"మనదే" అన్నారు మెల్లగా.

"మరి ఆ పాత పుస్తకాల వాళ్లు మాత్రం తోడు లేకుండానే పేరబెట్టారా? చోద్యం కాకపోతే!"

ఆయన గిన్నె తనవైపు లాక్కుని పెరుగన్నం తిన్నారు. కాగితాలు బిన్ దాకా వెళ్లలేదు. మరుసటి నెల ప్రభు బల్ల దగ్గర చెయ్యి చాపారు. నా గుండె కుదుటపడింది.

తర్వాతి కూటమిలో ఆఖరి అధ్యాయం చదివారు. లోకం తగలబడుతుంటే అందరూ బంగారం, ఆయుధాలు ఓడకెక్కిస్తారు. కెప్టెనమ్మ మాత్రం ఓ పెరుగు గిన్నెకు శాలువా చుట్టి, ఇంజిన్ గది వెచ్చదనంలో పెట్టుకుని కూర్చుంటుంది. మూత తీయబోయినవాళ్లని చెడామడా తిట్టిపోస్తుంది.

విఠల్ గారు తలెత్తారు. "ఈ గిన్నె ఏ పుస్తకంలోదండీ? నేనెక్కడా చదవలేదే!"

ఆయన నావైపు చూశారు. "మా ఆవిడ దగ్గర తోడు తెచ్చుకున్నానండీ."

నాకు ఏడుపొచ్చేసింది.

"అడక్కుండానే" అన్నాను.