కుడివైపు మిగిలినది

కళ్లద్దాల దుకాణం వెనక గదిలో సానచక్రం ముందు కూర్చుని ఆమె అద్దాల అంచులు అరగదీసేది. చేయి తిరిగిన మనిషి. ఆమె బిగించిన అద్దం ఫ్రేములో వెంట్రుకవాసి కూడా కదిలేది కాదు. వయసు ఇరవై ఏడు, పెళ్లయి రెండేళ్లు.

ఆ ఏడాది నడుం దగ్గర బట్టలు బిగుతయ్యాయి. "ఏంటమ్మా, విశేషమా?" అని దుకాణం యజమానురాలు నవ్వింది. ఆమెకీ లోలోపల ఆశ పుట్టింది. పరీక్ష చేసుకుంటే ఒక్క గీతే పడింది, గర్భం కాదు. పొట్ట మాత్రం పెరుగుతూనే ఉంది, అదీ ఒక పక్కకే.

స్కానింగ్ చేసే అమ్మాయి కబుర్లు చెబుతూ మొదలుపెట్టి, ఎడమవైపుకి వచ్చేసరికి ఆపి, డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. ఎడమ అండాశయం మీద పెద్ద గడ్డ ఉంది.

గడ్డతో పాటు ఎడమ అండాశయం తీసేశారు. పదిరోజులకి ముక్క పరీక్ష ఫలితం వస్తే డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చదివింది.

"ఇది క్యాన్సర్ కాదమ్మా. అలాగని మామూలు గడ్డా కాదు. మధ్యరకం."

"మధ్యరకమంటే, ఎటు పోతుందండీ?"

"చాలామందికి ఎటూ పోదు. కొందరికి మళ్లీ వస్తుంది, రెండోవైపు కూడా. కుడి అండాశయం ఉంచాం. పిల్లలు కావాలనుకుంటే ఆలస్యం చేయకండి."

"అదీ తీయించెయ్ తల్లీ. నువ్వు కళ్లముందుంటే నాకంతే చాలు" అంది అమ్మ. బస్సు డ్రైవరైన భర్త "నీ ఇష్టం. నేను నీ వెంటే ఉంటా" అన్నాడు. మంచిమాటే. కానీ ఆ మాటతో బరువంతా ఆమె నెత్తిన పడింది.

ఉంచుకుంది. మూడునెలలకోసారి స్కాన్. ఆ వారం వచ్చిందంటే చేతిలో అద్దాలు పగిలేవి. రెండుసార్లు ఏమీ లేదన్నారు. మూడోసారి కుడివైపు బఠాణీ గింజంత నీటిబుడగ కనిపించింది. "చూద్దాం" అంది డాక్టరమ్మ.

చూస్తుండగానే నెల తప్పింది. తెరమీద బిడ్డ గుండె టపటపా కొట్టుకుంటోంది. దాని పక్కనే బుడగ, నిమ్మకాయంత అయింది. ప్రతిసారీ కాగితం మీద రెండు కొలతలు పడేవి. అమ్మ మొదటిదే అడిగేది. భర్త రెండోదే చదివేవాడు. ఆమెకు రెండూ కంఠతా వచ్చు. రెండూ తన నెత్తురే తాగి పెరుగుతున్నాయి.

నెలలు నిండీ నిండకముందే కోసి పాపను తీశారు. అదే కోతలో కుడి అండాశయమూ పోయింది. ముక్క పరీక్షలో అదే మధ్యరకమని, ఎక్కడికీ పాకలేదని రాశారు.

"ఇక భయం లేదాండీ?"

"ఆరునెలలకోసారి రావాలి. ఇది ఏళ్లు గడిచాక కూడా తిరిగి రావచ్చు."

"పాపకి?"

"సాధారణంగా రాదమ్మా."

ఆ 'సాధారణంగా' అన్న మాటే ఆమె చెవిలో ఉండిపోయింది.

పాపకు అయిదో నెలలో పనిలోకి వెళ్లింది. అండాశయాలు లేని లోటుకి హార్మోన్ మాత్రలు మింగుతున్నా ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిరెక్కి మెడ తడిసిపోతుంది, ముసలితనం ముందే వచ్చినట్టు. అప్పుడు చక్రం ఆపి, చెమట తుడుచుకుని, వేళ్లు స్థిమితపడేదాకా కూర్చుంటుంది. తర్వాత మరో అద్దం తీసుకుంటుంది.