నైట్ డ్యూటీ ఇంటి పిల్ల

ఇప్పుడు అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్ల నడుమ లేచిన బడుల్లో పిల్లల మనసు కనిపెట్టుకోవడానికి ప్రత్యేకంగా ఒక మేడం ఉంటోంది. మా రోజుల్లో ఆ పని కూడా బెత్తమే చూసుకునేది. పటాన్‌చెరు దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో పంతులుగా చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్లు. పిల్లల ముఖం చూస్తే చాలు, లోపల ఏముందో చెప్పేస్తానని నాకు పేరు. (ఆ పేరు పెట్టుకున్నది నేనే.)

అంతటి నాకు రెండో తరగతిలో ఒక పిల్ల అంతుచిక్కలేదు. అందరూ దాన్ని పిచ్చుక అనేవారు. ఒక వారం పేరుకు తగ్గట్టే కిచకిచలాడేది. ఇంకో వారం వచ్చిందంటే పెదవులు కదిలేవే తప్ప మాట బయటికి వచ్చేది కాదు. ఇదంతా నన్ను ఏడిపించడానికేనని తేల్చేశాను. ఒక బుధవారం మధ్యాహ్నం పాఠం చదవమని నిలబెట్టాను. పెదవులు కదిలాయి. "గట్టిగ చదువు! గోడ అవతలికి ఇనపడాలె" అన్నాను. మళ్లీ పెదవులే. బెత్తంతో బల్ల మీద ఒక్కటిచ్చి, "ఇగ నీతోని కాదు. పో, మీ నాయినను తోల్కరా. తోల్కరాకుంటె వీపు పగుల్తది!" అని అరిచాను.

ఆ మాట ప్రతి పంతులూ రోజుకు నాలుగుసార్లు అనేదే. విన్న పిల్లలెవరూ ఎక్కడికీ పోరు; కాసేపు ఏడ్చి కూర్చుంటారు. మా మధ్య అదొక ఒప్పందం. నేను బోర్డు మీద లెక్క రాసి వెనక్కి తిరిగేసరికి పిచ్చుక పలక ఉంది, పిచ్చుక లేదు.

"ఏదిరా?"

"మీరే పొమ్మన్నరు గద సార్," అన్నాడు ముందు వరుసవాడు. "పోయింది."

వాళ్ల ఇల్లు బొంబాయి రోడ్డుకు అవతల. రోజూ తల్లి చెయ్యి పట్టుకుని దాటించి, బడిలో దింపి పనికి పోయేది. గడప దగ్గర విడిచిన చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. రోడ్డు నడుమ నిలబడి, ఒక్క చెయ్యెత్తి రెండు వైపులా లారీలను ఆపేశానని తర్వాత చాలా సభల్లో చెప్పాను. నిజమేమిటంటే, రోడ్డు అంచు దాటి ఒక్క అడుగు వేయలేదు. లారీ పోగానే దాని వెనక తారు మీద చూడటం, ఏమీ లేదని ఊపిరి పీల్చుకోవడం, అంతలో ఇంకో లారీ. పంక్చర్ దుకాణం ముసలాయనను, "చిన్న పిల్ల ఒక్కతే పోంగ సూసినవా తాతా?" అని అడిగాను. "సూడలే బిడ్డా. ముందుగాల నువ్వు ఏడ్వకు," అని నా చెయ్యి పట్టుకుని దాటించాడు.

అవతల కార్మికుల కిరాయి గదులు వరసగా ఉన్నాయి. మూసిన ఒక తలుపు ముందు, మెట్టు మీద, మోకాళ్లు కావలించుకుని పిచ్చుక. సంతోషమో కోపమో తెలియని అరుపు ఒకటి నా గొంతులోకి వచ్చింది. ఆ పిల్ల పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"మెల్లగ సార్. నాయిన పండుకున్నడు. నైట్ డ్యూటీ."

నేనూ గుసగుసలోకి దిగిపోయాను. "మరి లేపకుంట గిట్ల కూసున్నవేందే?"

"లేపితె అమ్మ కొడ్తది. లేపకుంటె మీరు కొడ్తరు."

అంతలో తలుపు తెరుచుకుంది. లుంగీ, ఎర్రటి కళ్లు. "ఏమైంది సార్? ఏం జేసింది?" పిల్ల కళ్లు నా మీదే ఉన్నాయి. నేను ఏమంటే అదే ఆ పూట దాని గతి.

"ఏం లేదు. పిల్ల మంచిగ చదువుతున్నదని చెప్పిపోదామని వచ్చిన."

"గీ ఎండల? చెప్పులు గూడ లేకుంట?" ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "ఏదీ, ఒకపారి చదువు బిడ్డా."

అది ఆయన వైపు చూసింది, నా వైపు చూసింది. "గట్టిగనా?"

"గట్టిగనే. లేచిన గద."

చదివింది. పుస్తకం లేకుండా, పాఠమంతా, ఆ వరస చివరి గదిదాకా వినిపించేట్టు. పక్క గదిలోంచి ఎవరో, "ఎవలది? మాది గూడ నైట్ డ్యూటీనే, జెర పండుకోనియ్యిండ్రి!" అని కేక వేశాడు. ముగ్గురం ఒకేసారి నోళ్లు మూసుకున్నాం. వేళ్ల సందుల్లోంచి నవ్వు ఆగలేదు.

పంపించేటప్పుడు తండ్రి అన్నాడు: "నాకు నైట్ పడ్డ వారమంత పగటిపూట దాని నోరు మూయిస్తున్నం సార్, బడిల గూడ గదే అలవాటైనట్టుంది. ఏం జేస్తం, ఒక్కటే అర్ర, ఇంకో గది లేదాయె. బడిలనన్న జెర ఒర్లనియ్యిండ్రి."

ఆ తర్వాత ప్రతి సోమవారం, "ఈ వారం ఎవరింట్ల నైట్ డ్యూటీ?" అని అడిగి, చేతులెత్తిన వాళ్లను ముందు బయట తనివితీరా అరిచి, ఒర్లి రమ్మనేవాణ్ణి. అది రాత్రింబగళ్లు ఆలోచించి నేను కనిపెట్టిన పద్ధతి అని కొత్త పంతుళ్లకు చెప్పాను, శాలువా కూడా కప్పించుకున్నాను. (ఆ తండ్రి మాట ఎక్కడా చెప్పలేదు.) పిచ్చుకను క్షమించమని అడిగానని కూడా చెబుతుంటాను. అడగలేదు. పంతులు అలా అడగొచ్చని నాకప్పుడు తెలియదు.

ఇప్పుడు మధ్యాహ్నం నేను నడుం వాల్చానో లేదో, "మెల్లగ, తాత పండుకున్నడు" అని కోడలు మనవరాలిని గదమాయిస్తుంది. "పండుకోలేదమ్మా, ఒర్లనియ్యి," అంటాను కళ్లు తెరవకుండానే. (పచ్చి అబద్ధం. అప్పటికే సగం నిద్రలో ఉంటాను.)